అరువు గొంతు

మధ్యాహ్నం మూడున్నరయ్యేసరికి సైగల మేడమ్ కుడిభుజం ఆమె మాట వినడం మానేసింది. భుజం వినకపోతే పని ఆగుతుందా? పళ్ళ మాస్టారు ప్లాస్టర్ దవడ ఒకటి చేతిలో పట్టుకుని, దాని మీద మైనం ఎక్కడ మందంగా పరవాలో, ఎక్కడ పలచన చెయ్యాలో చెప్పుకుపోతున్నారు. ఆయన పక్కన నిలబడి ఆమె ఆ మాటల్నే చేతులతో చెప్పుకుపోతోంది. ల్యాబులో ముప్ఫైమంది పిల్లలున్నారు. ఇరవై తొమ్మిదిమంది ఆయన్ని చూస్తున్నారు, ఒక్క పిల్ల ఈమెని చూస్తోంది. ఆ ఒక్క పిల్ల కోసమే ఈమె.

పళ్ళ మాస్టారంటే పళ్ళు పీకే ఆయన కాదు. పళ్ళు ఊడినవాళ్ళకి కట్టుడు పళ్ళు తయారుచెయ్యడం నేర్పే కోర్సుకి ఆయన పెద్ద, చివరి ఏడాది పిల్లలకే పాఠం చెప్తారు. ఈమె ఉద్యోగానికి గుర్తింపు కార్డు మీద రెండు వరుసల పేరుంది: సంజ్ఞాభాషా అనువాదకురాలు, వినికిడి సహాయ విభాగం. అంత పొడుగు పేరు పెట్టి పిలిస్తే పిలుపు పూర్తయ్యేలోగా మనిషి మెట్లు దిగిపోతుందని కాలేజీ కాలేజీ అంతా సైగల మేడమ్ అనేసింది. పువ్వుల చీరలూ గళ్ళ చీరలూ ఈ పనికి పనికిరావు, వాటి ముందు చేతులు సరిగ్గా కనపడవు. గాజులు వద్దు, ఉంగరాలు వద్దు. ఇరవై రెండేళ్ళుగా నీలం కాకపోతే నలుపు, నలుపు కాకపోతే నీలం. చుట్టాలింటికి వెళ్తే "ఎవరైనా పోయారా ఏమిటే?" అని అడిగే మేనత్త ఒకావిడ ఆమెకి ఇంకా ఉంది.

వినపడిన మాటని చేతుల్లో పెట్టడం ఈ పనిలో సగం. మిగతా సగం, చెవిటి పిల్లలు చేతులతో అన్నదాన్ని నోటితో పైకి చెప్పడం. పిల్ల "నేను" అంటే ఈమె కూడా "నేను" అనాలి, పిల్ల తిడితే ఈమె తిట్టాలి. ఈ రెండో సగం సంగతి జనానికి గుర్తుండదు. ఆ మాటకొస్తే ఆమే మర్చిపోయింది. మన కథంతా దాని గురించే.

నిజానికి ఇది జోడెద్దుల పని. ఇరవై నిమిషాలు ఒకరు చెయ్యాలి, ఇరవై నిమిషాలు రెండోవాళ్ళు అందుకోవాలి. ఇరవై దాటాక చేతులు ఆడుతూనే ఉంటాయి గాని బుర్ర ఆడదు. ఇది ఆమె కనిపెట్టింది కాదు, ఆ విద్య నేర్పేచోట మొదటిరోజే చెప్పే మాట. ఆమెకీ ఒక జోడీ ఉండేది. ఎనిమిది నెలల క్రితం ఆ జోడీ భర్తకి బదిలీ అయింది, ఆవిడ వెళ్ళిపోయింది. ఆ కుర్చీలో ఇప్పుడు పాత రిజిస్టర్లు పెట్టారు. అప్పటినుంచి పళ్ళ ల్యాబులో ఈవిడే, కామర్స్ క్లాసులో ఈవిడే, పిల్లాడికి జ్వరమొస్తే డాక్టరు గదిలోనూ ఈవిడే. ఒంటెద్దుతో దున్నుతున్నారని అందరికీ తెలుసు, నాగటి చాలు వంకర పోతోందని మాత్రం ఎవరికీ తెలీదు.

ల్యాబులో ఆ ఒక్క పిల్ల పేరు టకటక. కాలేజీ రిజిస్టర్లో వేరే పేరుంది గాని, చెవిటి పిల్లలు తమలో తాము పెట్టుకునే పేర్లే అసలు పేర్లు. ఎవరినైనా పిలవాలంటే వేళ్ళ మెటికలతో బల్ల మీద రెండుసార్లు కొడుతుంది, బల్ల అదిరి అందరూ తలెత్తుతారు. అందుకని టకటక. పుట్టుచెవుడు. చేతిపని చూస్తే నోరు తెరవాల్సిందే. ఆ పిల్ల చెక్కిన పన్ను పక్కన నిజం పన్ను పెడితే, నిజందాన్నే ఇంకాస్త అరగదియ్యాలనిపిస్తుంది. మాట అంతకంటే బాగుంటుంది. కనుబొమలతో వెక్కిరిస్తుంది, బుగ్గలతో బొంకుతుంది, మాస్టారు కళ్ళజోడు వెతుక్కునే తీరు రెండు వేళ్ళతో చూపిస్తుంది. క్యాంటీన్లో మిగతా చెవిటి పిల్లలు ఆమె చుట్టూ చేరి, టీలు చల్లారిపోయేదాకా పొట్టలు పట్టుకుంటారు.

పెద్దాసుపత్రిలో పళ్ళు తయారుచేసే విభాగం ఏటా ఈ కాలేజీ నుంచి ఒక్క విద్యార్థిని తీసుకుంటుంది. రెండేళ్ళ శిక్షణ, ఆ తర్వాత అక్కడే ఉద్యోగం. పేరు పంపేది పళ్ళ మాస్టారు. ఈసారి శుక్రవారం మధ్యాహ్నం పన్నెండుకల్లా పంపాలి. టకటక మొదటి సంవత్సరం నుంచీ ఆ ఒక్క చోటు మీదే కళ్ళు పెట్టుకుంది. ఆమె చేసే పనికి బయట దుకాణాలు లేకపోలేదు, కానీ చెవిటిపిల్లని లోపలికి రానిచ్చి పనిచూసే దుకాణం ఆమెకి ఇంతవరకూ ఒక్కటీ తగల్లేదు.

ఆ బుధవారం క్లాసయ్యాక మాస్టారు టకటకని తన గదికి రమ్మన్నారు. వెనకాలే సైగల మేడమ్ వెళ్ళింది.

"కూర్చోమనండి," అన్నారాయన.

"మీరే అనండి సార్. ఆ అమ్మాయితోనే మాట్లాడండి, నేను చెప్తాను." ఈ ముక్క ఆమె వెయ్యిన్నొకటోసారి చెప్పడం.

ఆయన పిల్ల వైపు తిరిగారు, మరుక్షణం మళ్ళీ ఈమె వైపే తిరిగిపోయారు. అందరూ అంతే. గొంతు ఎటునుంచి వస్తే మొహం అటు తిరుగుతుంది.

"చూడమ్మా, నీ చేతిపనికి వంక పెట్టేవాడు లేడు. ఈ బ్యాచిలో ఎవరైనా నీ తర్వాతే. కానీ ఆసుపత్రికి నీ పేరు పంపలేను."

సైగల మేడమ్ చేతులు ఆ మాట చెప్పాయి. పిల్ల మొహం పాలిపోయింది. "ఎందుకు?" అంది. మేడమ్ నోరు "ఎందుకు" అంది.

"అక్కడ డాక్టర్లు వస్తారు. ఇలా ఎందుకు చేశావంటారు, ఇంకోలా చేస్తే ఏమవుతుందంటారు. వాళ్ళకి హుషారుగా చెప్పేవాళ్ళు కావాలి. నువ్వేమో ఏది అడిగినా బలవంతాన మందు మింగుతున్నట్టు చెప్తావు. ప్రశ్నలడుగుతావు, కాదన్ను. కానీ నా తప్పు పట్టుకోడానికి అడిగినట్టుంటుంది. ఆ రోజు శంఖం మాటకి ఎంత రుసరుసలాడావో నేను మర్చిపోలేదు."

శంఖం మాట సైగల మేడమ్‌కీ గుర్తుంది. నాలుగు నెలల క్రితం ఓ రోజు ముందు బెంచీ అబ్బాయి ఒకడు చెప్పిందే మళ్ళీ అడిగాడు. విసిగిపోయిన మాస్టారు "చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది మీకు చెప్పడం" అనేశారు. అన్నాక టకటక గుర్తొచ్చి నాలుక్కరుచుకున్నారు. క్లాసు క్లాసంతా బిగుసుకుపోయింది. అప్పుడు టకటక చెయ్యెత్తి, బుగ్గలు రెండూ పూరించి, కళ్ళు తిప్పుతూ అంది: "ఊదండి సార్, పర్లేదు. వినపడకపోతేనేం, ఊదేవాళ్ళ బుగ్గలు చూస్తూ నవ్వుకుంటాం." ఆయన ఇబ్బంది పోగొట్టడానికి చేసిన హాస్యం అది. మేడమ్ కి అది విశ్రాంతి లేకుండా నాలుగో గంట పాఠం. ఆమె ఆ జోకుని మాట పొల్లుపోకుండా చెప్పింది. ఒక్కరూ నవ్వలేదు. మాస్టారు మొహం గంటుపెట్టుకున్నారు. జోకు తేలిపోయిందేమో అనుకుని ఆమె తర్వాతి వాక్యంలోకి వెళ్ళిపోయింది.

ఇప్పుడు టకటక చేతులు గబగబా ఆడుతున్నాయి, కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. సైగల మేడమ్ చెప్తోంది: "రుసరుసలా? అది జోకు సార్. మీరు బాధపడకూడదని అన్నాను. నాకు ఈ పనంటే ప్రాణం."

ప్రాణం అన్న మాట ఆమె నోట్లోంచి, బస్సులో తర్వాత వచ్చే స్టాపు పేరు చెప్పినట్టు వచ్చింది. ఆమె చెవులకే వినపడింది.

"అదుగో," అన్నారు మాస్టారు. ఆయన గొంతులో కోపం లేదు, జాలే ఉంది. "ప్రాణం అనే మాట కూడా ఎలా అంటున్నావో చూడు."

ఆ మాట కూడా చేతుల్లో పెట్టి పిల్లకి చెప్పాలి. చెప్పింది. చెప్తుంటేనే అర్థమైంది. ఉత్సాహం లేనిది ఈ పిల్లకి కాదు, నాకు. మందు మింగుతున్నది నేను. ఎనిమిది నెలలుగా ఈయన విన్నది నా నీరసాన్ని. అదంతా ఇక్కడే, ఇప్పుడే అనెయ్యాలి. అనలేదు. అనువాదం చేసేవాళ్ళకి గదిలో సొంత నోరుండకూడదన్న నియమం ఒకటుంది. అవసరమైతే "ఇది నా మాట" అని చెప్పి మాట్లాడవచ్చన్న వెసులుబాటూ ఆ నియమంలోనే ఉంది. ఆమె ఆ నియమంలోని మొదటి ముక్క చాటున నక్కింది.

బయట వరండాలో టకటక గోడకి ఆనుకుని నిలబడింది. కాసేపటికి అడిగింది: "అక్కా, నేను మాట్లాడితే ఎలా ఉంటుంది?"

"బాగానే ఉంటుంది" అనెయ్యొచ్చు. ఆ పిల్లకి తెలిసే దారి లేదు. కానీ ఆ కళ్ళ ముందు అబద్ధం ఆడటం కష్టం, అవి చేతులు కదలకముందే మొహం చదివేస్తాయి.

"చూపిస్తాను," అంది.

సైగల్లో గొంతంటే మొహమే. కనుబొమలు, బుగ్గలు, భుజాలు, చెయ్యి విసురు. సైగల మేడమ్ అవన్నీ తీసేసింది. మొహం గోడలా పెట్టి, చేతులు నడుము దగ్గర వేలాడేసి, శంఖం జోకు మొదలుపెట్టింది. ఊదండి. సార్. పర్లేదు. బుగ్గలు చూసి. నవ్వుకుంటాం. చేతులు ఒక్కో మాటా కింద పడేస్తూ పోయాయి.

మొదట టకటక నవ్వబోయింది, ఎవరినో అనుకరిస్తోందనుకుంది. తర్వాత నవ్వు ఆగిపోయింది.

"ఇది నేనా?"

"నీ మాటలు. గొంతు నాది."

"ఎన్నాళ్ళుగా?"

"నా జోడీ వెళ్ళిపోయినప్పటినుంచి అనుకుంటా."

"ఎనిమిది నెలలా? నీకెప్పుడు తెలిసింది?"

"ఇప్పుడే. లోపల."

"లోపల తెలిస్తే లోపలే ఎందుకు చెప్పలేదు?"

పిల్ల ఆమె మొహంలోకి ఒక్కసారి చూసి వెళ్ళిపోయింది. చెవిటివాళ్ళు కోపంతో వెళ్ళిపోతే వెనక్కి పిలవడం కుదరదు, వెంట పరిగెత్తి ముందు నిలబడాలి. పరిగెత్తే ఓపిక ఆమెకి లేకపోయింది.

వినికిడి సహాయ విభాగం గది మెట్ల కింద ఉంది. విభాగాధికారి పేరుకి అధికారే గాని, ఆయన కింద ఉన్నది ఈమె ఒక్కతే. ఆమె వెళ్ళి, రెండో మనిషి లేకపోతే పిల్లలు నష్టపోతున్నారు సార్ అని మొదలుపెట్టింది.

"నష్టమా? ఎక్కడమ్మా?" అని ఆయన సొరుగులోంచి కాగితాలు తీశారు. ప్రతి నెలా ఆమె నింపి ఇచ్చే నివేదికలు. "ఇవి నీ చేత్తో రాసినవే. 'సమస్యలు' అన్నచోట చూడు. లేవు. లేవు. లేవు. ఎనిమిది నెలలూ లేవు. నేను పైకి ఏమని రాయను? పిల్లల దగ్గర్నుంచి ఒక్క ఫిర్యాదూ లేదు. నువ్వు బాగా నెట్టుకొస్తున్నావని ప్రిన్సిపాల్ గారితో కూడా అన్నాను."

నిజమే, ఆమె రాసినవే. నెలాఖరున ఒంట్లో సత్తువ లేనప్పుడు 'లేవు' అన్నది చిన్న మాట, తొందరగా రాసెయ్యొచ్చు. ఇందులో కొంచెం బడాయి కూడా ఉంది. ఇద్దరు చేసే పని ఒక్కత్తే చేస్తోందంటే ఎవరికైనా లోలోపల కాస్త గర్వంగానే ఉంటుంది. అడగందే అమ్మైనా పెట్టదంటారు, ఈమె అడగకపోగా ఆకలి లేదని సంతకం పెట్టి ఇచ్చింది.

ఇంట్లో వాళ్ళమ్మ కిటికీ దగ్గర కూర్చుని ఉంది. ఆవిడా చెవిటిదే. ఒకప్పుడు బట్టలు కుట్టేది, ఇప్పుడు వేళ్ళు కొంకర్లు పోయి సైగలు కూడా సగంలో ఆగిపోతున్నాయి. కూతురు చేతులు రెండు మాటలు చెప్పగానే ఆవిడ కళ్ళు చిట్లించింది.

"నీ చేతులు గొణుగుతున్నాయే. ఎప్పటినుంచో అడుగుదామనుకుంటున్నా. ఒంట్లో బాలేదా?"

"అలసట."

"నా దగ్గరా అంతేనా?"

సైగల మేడమ్‌కి ఏడేళ్ళ వయసు గుర్తొచ్చింది. అమ్మ తరఫున ఇంటి ఓనరుతో, డాక్టరుతో, బట్టలిచ్చేవాళ్ళతో మాట్లాడేది ఆమే. ఒకసారి ఇంటి ఓనరుకి అమ్మ కోపాన్ని కోపంగానే అప్పజెప్పింది. "ఇంత లేని పిల్లకి ఎంత పొగరు!" అని ఆ మనిషి చెంప మీద ఒక్కటిచ్చాడు. అప్పటినుంచి మాటలు అందించడం నేర్చుకుంది, వాటి వేడి అందించడం మానుకుంది. చదువుకున్నాక, జోడీ పక్కన ఉన్నాక ఆ భయం పోయిందనుకుంది. పోలేదు, ఒళ్ళు అలిసేదాకా పక్కకి తప్పుకుని కూర్చుందంతే. పాపం ఆమెనే అనడానికీ మనసొప్పదు, అనకుండా ఉండడానికీ ఒప్పదు.

గురువారం పొద్దున్నే మాస్టారి గది ముందు నిలబడింది. రాత్రంతా వాక్యం కూర్చుకుంది: సార్, మీరు విన్నది నన్ను, ఆ అమ్మాయిని కాదు. తలుపు తీసే ఉంది. ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని, "రండి మేడమ్, ఏంటి సంగతి?" అన్నారు.

"ఏం లేదు సార్. ప్రొజెక్టర్ వేసినప్పుడు ముందు లైటొకటి ఆర్పకుండా ఉంచండి. చీకట్లో నా చేతులు కనపడటం లేదు."

"ఓ, అలాగే," అన్నారాయన. ఆమె వచ్చేసింది. ఎంత సిగ్గేసిందో చెప్పలేం. ఇరవై రెండేళ్ళుగా ఊళ్ళోవాళ్ళందరి మాటలూ చెప్పిన నోటికి, సొంత మాట ఒక్కటి చెప్పాల్సి వచ్చేసరికి లైటు గుర్తొచ్చింది. ఆ రోజు ల్యాబుకి టకటక రాలేదు. పిల్ల లేని క్లాసులో ఆమె చేతులు కట్టుకుని గంటసేపు కూర్చుంది.

శుక్రవారం పది గంటలకి ఆమె బల్ల రెండుసార్లు అదిరింది. తలెత్తితే టకటక. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"ప్రిన్సిపాల్ గారి దగ్గరికెళ్ళాలి. అనువాదం కావాలి."

"దేని గురించి?"

"నీ గురించి."

ఆమె మీద ఫిర్యాదు ఆమె నోటితోనే చెప్పాలి. కాలేజీలో ఇంకో మనిషి లేదు మరి. సైగల మేడమ్ లేచింది, చీర కుచ్చిళ్ళు సర్దుకుంది, పిల్ల వెనక మెట్లెక్కింది.

ప్రిన్సిపాల్ గారు ఓపికైన మనిషే. విద్యార్థి ఫిర్యాదంటే సంబంధించిన వాళ్ళు ఉండాలని పళ్ళ మాస్టారినీ, విభాగాధికారినీ పిలిపించారు. అందరూ కూర్చున్నారు. టకటక కూర్చోలేదు. చేతులు లేచాయి. సైగల మేడమ్ అలవాటు ప్రకారం ఒక వాక్యం వెనకగా అందుకుంది.

"నేను ఫిర్యాదు చెయ్యడానికి వచ్చాను. ఈ మేడమ్ మీద."

"ఏ మేడమ్ మీద?" అన్నారు ప్రిన్సిపాల్.

"ఇప్పుడు మీతో మాట్లాడుతున్న ఈ మేడమ్ మీదే."

"మీ మీద మీరే ఫిర్యాదా?"

"నేను కాదండీ, ఆ అమ్మాయి."

విభాగాధికారి దగ్గు వచ్చినట్టు నోరు మూసుకున్నారు. టకటక మళ్ళీ మొదలుపెట్టింది. మేడమ్ గొంతు ఎప్పటిలాగే నేలమీద పాకుతూ ఆ వెనకే పోయింది. "ఈ మేడమ్ వల్ల నాకు అన్యాయం జరిగింది. అది నాకు మొన్ననే తెలిసింది..."

బల్ల మీద ఠప్పుమని దెబ్బ పడింది. గ్లాసులో నీళ్ళు తొణికాయి. ఈసారి మెటికలు కాదు, అరచెయ్యి. టకటక ప్రిన్సిపాల్‌ని వదిలేసి నేరుగా ఈమె వైపు తిరిగింది. ఆ గదిలో ఆ పిల్ల చేతులు అన్నదేదైనా పైకి చెప్పి తీరాలి, ఎవరితో అన్నా సరే. సైగల మేడమ్ చెప్పింది: "ఆగు. నా మొహం చూడు. నేను అరుస్తున్నాను. నువ్వు అరుస్తున్నావా?"

గదిలో అందరూ సైగల మేడమ్ వైపు చూస్తున్నారు. ఆమె మాత్రం టకటక మొహం చూసింది. దవడలు బిగిశాయి, ముక్కుపుటాలు అదురుతున్నాయి, చేతులు గాలిని కోస్తున్నాయి. తన చెంప మీద ఏడేళ్ళప్పటి దెబ్బ ఇంకా అక్కడే ఉంది. ఉంటే ఉండనీ అనుకుంది.

"ఈవిడ నాకు శత్రువు కాదు!" ఆ కేక కిటికీ అద్దానికి తగిలింది. గుమ్మం బయట ప్యూను తొంగిచూశాడు. "మీరు చెప్పింది నాకు చెప్పడంలో ఈవిడంత మనిషి లేదు! ఒక్క ముక్క పోనివ్వదు. కానీ నేను మాట్లాడితే నన్ను చంపేస్తోంది! ఎనిమిది నెలలు నేను జోకులేశాను, మీకు నవ్వు రాలేదు. పన్ను అంచు గురించి పన్నెండుసార్లు అడిగాను, నిద్ర పట్టక అడిగాను, తెలుసుకోకపోతే చచ్చిపోతానన్నట్టు అడిగాను. మీకు పొగరులా వినపడింది! నన్ను ముద్దపప్పుననుకున్నారు! నాకు ఉత్సాహం లేదా? నాకా?"

టకటక మాస్టారి వైపు తిరిగింది. మేడమ్ గొంతు చీలుతోంది. ఎక్కడ చీలాలో అక్కడే చీలుతోంది.

"ఈవిడ అలిసిపోయింది సార్. అలిసిపోయిన మనిషి గొంతు ఎలా ఉంటుందో నాకు తెలీదు. నేను చెవిటిదాన్ని! నాకెలా తెలుస్తుంది? మీరందరూ చెవులున్నవాళ్ళే కదా. రోజూ ఆరు గంటలు ఈవిడ అలసటని విన్నారే, ఒక్కరికీ అనుమానం రాలేదా? నాకు చెవుల్లేవు. మీకేమైంది? అబ్బే, ఈవిడ నాకొద్దు. ఇలా ఒక్కత్తే అయితే ఈవిడ నాకొద్దు. వేరేవాళ్ళని ఇవ్వండి, లేదా ఈవిడకి తోడివ్వండి. నా గొంతు నాకు కావాలి!"

చేతులు దిగాయి. సైగల మేడమ్‌కి కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి. అవి ఆ పిల్లవో తనవో ఆమె తేల్చుకోలేకపోయింది. అప్పుడు చూసింది. పళ్ళ మాస్టారు తనవైపు చూడటం లేదు. ఈ ఏడాదిలో మొదటిసారి ఆయన కళ్ళు నేరుగా టకటక మొహం మీద ఉన్నాయి.

"మేడమ్, మీరేమైనా చెప్తారా?" అని ప్రిన్సిపాల్ అడిగారు.

ఆ ప్రశ్నని ముందు చేతులతో పిల్లకి చెప్పింది. తర్వాత తన మాట అంది, అంటూనే సైగ చేసింది. "ఆ అమ్మాయి చెప్పింది అక్షరాలా నిజం. బుధవారమే నాకు తెలిసింది. సార్‌కి చెప్పడానికి నిన్న వెళ్ళాను. భయమేసి లైటు గురించి మాట్లాడి వచ్చేశాను."

ప్రిన్సిపాల్ విభాగాధికారి వైపు చూశారు. ఆయన తన బూట్ల వైపు చూసుకున్నారు. మెమో ఇవ్వక తప్పదని ప్రిన్సిపాల్ అన్నారు. మెమో మేడమ్ కీ విభాగాధికారికీ ఇద్దరికీ అన్నారు, రెండో మనిషిని వేసేదాకా రెండు గంటలకు మించి ఆమెతో పని చేయించొద్దన్నారు. ఇదంతా సైగల మేడమ్ చేతులు టకటకకి చెప్తూనే ఉన్నాయి. పిల్ల అదేదీ పట్టించుకోకుండా మాస్టారి మొహమే చూస్తోంది. గోడ గడియారంలో పదకొండు కావస్తోంది.

"అమ్మాయ్," అన్నారు మాస్టారు, నేరుగా పిల్లతో. "పేరు నిన్న సాయంత్రమే పంపేశాను. ఆ ముందు బెంచీ అబ్బాయిది."

ఈ మాట చెప్పకుండా తప్పించుకునే దారి ఉంటే సైగల మేడమ్ ఆ క్షణంలో ఏమిచ్చైనా కొనుక్కునేది. చెప్పింది. ఆయన సిగ్గుతో తల దించుకుని అన్నారు కాబట్టి తనూ తల దించుకునే చెప్పింది. టకటక గోడ పట్టుకుంది.

మాస్టారు లేచి, అడక్కుండానే ప్రిన్సిపాల్ బల్ల మీది ఫోను అందుకున్నారు. ఆసుపత్రిలో ఎవరినో పిలిపించారు. ఆయన అంటున్న ప్రతి మాటా సైగల మేడమ్ చేతుల్లోకి దిగుతోంది. "నిన్న పంపిన పేరుకి తోడు ఇంకో పేరుందండీ... గడువు ఇంకా గంటుంది కదా... పొరపాటు నాదే, అవును, నాదే... పని చూస్తే మీరే వదలరు... చెవిటి అమ్మాయి. ఆ, పూర్తిగా." అవతల ఏదో అడిగారు.

"మాటా? మాట చాలా బాగుంటుందండీ. ఇవాళే విన్నాను."

ఆ రెండు ముక్కలు చెప్పడానికి సైగల మేడమ్ చేతులు మొరాయించాయి. చదువు ముగిసే వేళకి, పిల్ల మాట వినపడింది ఇవాళే. ఎలాగో లేపి చెప్పింది. టకటక తల ఊపింది, ఏడవలేదు.

సోమవారం పదింటికి ఇద్దర్నీ పంపమన్నారట, ఇద్దరి పనీ చూసి తేలుస్తామన్నారట. తీసుకుంటామని అన్లేదు. పక్క ఊరి కాలేజీ నుంచి ఇద్దరు అనువాదకుల్ని ఆ పూటకి అడుగుతానని ప్రిన్సిపాల్ రాసుకున్నారు. ఇద్దర్నీ, అని మళ్ళీ గట్టిగా అన్నారు.

గుమ్మం దాటాక టకటక నడక ఆపి వెనక్కి తిరిగింది. క్షమించమని అడుగుదామని సైగల మేడమ్ చేతులెత్తబోయింది. పిల్ల ఆ చేతుల్ని తన రెండు చేతులతో పట్టుకుని కిందికి దింపేసింది. తర్వాత తనే అంది, మొహం ఇంకా కందిపోయే ఉంది:

"సోమవారం నువ్వు రావద్దు."

"రాను."

"ఇంటికెళ్ళి పడుకో అక్కా."